ఏడు డిగ్రీలు వంగిన గొట్టం

మీరు చివరిసారి ఎదుటివాడి మొహానికి వేలు చూపించి "ఆధారం ఏదీ?" అని గద్దించింది ఎప్పుడు? నిన్నా, మొన్నా? మంచిది. ఆ వేలు కాసేపు మడిచి పెట్టుకుని ఇది చదవండి. ఆధారం, ఆధారం అంటూ ఊరేగిన ఒక హేతువాది అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ట్యాంకు కింద పడి ఎలా నలిగిపోయాడో చెబుతాను. ఆ హేతువాదిని నేనే కాబట్టి వివరాల్లో తేడా ఉండదు.

పన్నెండేళ్ళ కిందటి మాట. చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో మా ఇల్లు. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు యుద్ధకాలపు ట్యాంకులకు నమూనాలు కట్టడం. అసలు ట్యాంకులో ముప్పై అయిదో వంతు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాడిన షెర్మన్ అనే ఒక్క ట్యాంకులోనే ఎన్నో రకాలు: ఒకదానికి ఇంజన్ వేరు, ఒకదానికి పై రేకు వేరు, ఇంకొకటి సముద్రంలోంచి ఒడ్డుకి నడిచేది. ఏ రకానికి ఏ బోల్టు ఎక్కడుండాలో అక్కడే ఉండాలి. విస్తట్లో అప్పడం పడలేదని అలిగే వియ్యంకుణ్ణి చూశారా? నమూనాలు కట్టే మా క్లబ్బులో అందరూ వియ్యంకులే.

కాలేజీ రోజుల నుంచి చర్చావేదికల మీద పెరిగినవాణ్ణి. జాతకం, ముహూర్తం, దిష్టి, ఎవరు ఏమన్నా నిలబెట్టి అడిగేవాణ్ణి. ఆ ఏడాదే కొత్త కారు కొన్నాం. నా భార్య వసుధ గుడికి తీసుకెళ్ళి వాహన పూజ చేయిద్దామంది. అంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఇరవై నిమిషాలు ఉపన్యసించాను. నిమ్మకాయ నలిగితే బ్రేకులు ఎలా బాగుపడతాయో రుజువు చేయమన్నాను. ఆమె పప్పులో తిరగమోత వేసి, మూత పెట్టి, అప్పుడు అడిగింది.

"మీరు అడక్కుండా దేన్నీ నమ్మరు కదండీ?"

"నమ్మను."

"నమ్మినట్టు నాకు దొరికితే కారు గుడికి డ్రైవ్ చేస్తారా? నిమ్మకాయలు కూడా మీరే పెట్టాలి."

"రాసిస్తాను," అన్నాను.

రాసిచ్చాను, సంతకంతో సహా. ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద చేరింది. పాల కోసం వెళ్ళిన ప్రతిసారీ నా పరువు నన్ను కళ్ళార్పకుండా చూసేది.

అంతలో మా క్లబ్బు పోటీ వచ్చింది. ఎవరూ కట్టని షెర్మన్ కట్టాలని పట్టుదల పట్టాను. గంట దూరంలో ఒక చిన్న ఊరి పార్కులో, యుద్ధానికి వెళ్ళినవాళ్ళ గుర్తుగా, అసలైన షెర్మన్‌ని సిమెంటు దిమ్మె మీద నిలబెట్టారు. ట్యాంకు ముక్కలున్న కిట్‌తో వచ్చిన సూచనల కాగితం పక్కన పడేశాను. ఎవరో రాసింది నమ్మడమేమిటి? నాకు ప్రత్యక్ష ప్రమాణం కావాలి. మూడు శనివారాలు వెళ్ళి, వసుధ జాకెట్లు కొలిచే టేపుతో ఆ ట్యాంకు చుట్టూ పాకాను. రెండొందల పద్నాలుగు ఫోటోలు తీశాను. అటుగా కుక్కని తిప్పుతున్న ఒకావిడా, ఆ కుక్కా నన్ను ఒకేలా చూశారు.

మూడో శనివారం దొరికింది. వెనక కుడిమూల జానెడు గొట్టం. ఏ పుస్తకంలోనూ లేదు, ఏ పటంలోనూ లేదు. పైగా నిటారుగా లేదు, ఏడు డిగ్రీలు ఎడమకి వంగి ఉంది. మామూలు మనిషైతే "ఏమిటో" అనుకుని ఇంటికి పోతాడు. నేను సిద్ధాంతం చేశాను. ఇది నీళ్ళలో దిగే రకం. ఇంజన్‌కి గాలి అందించే పొడవాటి గొట్టాన్ని దీనికే తగిలించేవారు. ఆ వంపు అలల దెబ్బ కాచుకోవడానికి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నాడట ఒకడు. నేను పట్టిన ట్యాంకుకి ఒక గొట్టం ఎక్కువ, అంతే తేడా.

బాల్‌పెన్ రీఫిల్‌లోంచి వడ్లగింజంత ముక్క కోశాను. కోణమానినితో వంపు చూసి అతికించాను. దాని మీద పదకొండు పేజీల వ్యాసం రాశాను. పోటీ రోజున నా వైభవానికి సాక్షిగా వసుధని కూడా తీసుకెళ్ళాను.

న్యాయనిర్ణేతల్లో వాల్టర్ అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఎనభై దాటినవాడు, జీవితమంతా వెల్డింగ్ పని చేసి రిటైరయినవాడు. చెవికి మిషను, చొక్కా జేబులో భూతద్దం. నా ట్యాంకు ముందు చాలాసేపు వంగి నిలబడి, ఈ గొట్టం ఏమిటన్నాడు. నేను మొదలుపెట్టాను. నలుగురూ పోగయ్యారు. గాలి, అలలు, ఏడు డిగ్రీలు, పదకొండు పేజీలూ ఒప్పజెప్పాను. ఆయన మిషను సరిచేసుకుని మొత్తం విన్నాడు.

"నాకలా అనిపించడం లేదు," అన్నాడు.

"అనిపించడం కాదు వాల్టర్. ఆధారం ఉందా?"

"కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం, రా."

మంచి మనిషి, నా పరువు పోకుండా దారి చూపించాడు. కానీ నేను పెరిగిన వేదికల మీద, పక్కకి రమ్మన్నవాడు ఓడిపోయినట్టు లెక్క. ఇక్కడే, అందరి ముందే చెప్పమన్నాను.

"ఆ గొట్టం పెట్టింది నేనే," అన్నాడు వాల్టర్. "అది మా ఊరి పార్కు. జూలై నాలుగు, స్వాతంత్ర్య దినానికి ట్యాంకు మీద జెండా కడితే గాలికి పడిపోయేది. మా కంచె గొట్టం ఒక ముక్క మిగిలితే తెచ్చి వెల్డింగ్ చేశాను."

మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు నాకు ఏడు డిగ్రీలు దొరికాయి. "మరి ఆ వంపు?"

"అదా. మా ఆవిడ భోజనానికి రెండోసారి పిలిచింది. అలాగే వదిలేసి వెళ్ళిపోయాను."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. నా తలని మాత్రం తన్నలేదు, మర్యాదగా వెల్డింగ్ చేశారు. మూడు శనివారాలు ఆ ఊరికి వెళ్ళి ఒక్కరినైనా ఒక్క మాట అడిగానా? ఆ కుక్కావిడ చెప్పి ఉండేది. వసుధ నవ్వలేదు. భయపడాల్సింది అందుకే. వాల్టర్ దగ్గరికి వెళ్ళి, ఆదివారం ఫ్రీగా ఉంటారా, మా గుడిలో భోజనం బాగుంటుంది అని ఇంగ్లీషులో ఆహ్వానించింది.

ఆదివారం పూజారి గారు గోత్రం అడిగితే నాకు గుర్తు రాలేదు, వసుధ అందించింది. నాలుగు నిమ్మకాయలూ నేనే పెట్టాను. నలిగాయి. బ్రేకులు ముందెలా ఉన్నాయో తర్వాతా అలాగే ఉన్నాయి అని ప్రకటించబోయి నోరు మూసుకున్నాను. పులిహోర రెండోసారి పెట్టించుకుంటూ వాల్టర్, నిమ్మకాయలు ఎందుకని వసుధని అడిగాడు. తనకి తెలియదనీ, వాళ్ళమ్మ పెట్టేదనీ ఆమె చెప్పింది. ఆయన తలూపి తినసాగాడు. అడగడం ఇంత తేలికా అనుకున్నాను.

వెళ్ళేముందు వాల్టర్ నా ట్యాంకు ఇమ్మన్నాడు. యుద్ధం సంగతి ఎలా ఉన్నా, వాళ్ళ పార్కు ట్యాంకుని ఇంత కచ్చితంగా ఎవరూ కట్టలేదట. అదిప్పుడు వాళ్ళ ఊరి లైబ్రరీలో అద్దాల పెట్టెలో ఉంది. నా గొట్టంలో టూత్‌పిక్‌కి అంటించిన జెండా నిలబడింది. చక్కగా పట్టింది. ఏడు డిగ్రీలు ఎడమకి వంగి.

కనుక ఆ రీఫిల్ ముక్క సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నిమ్మకాయల మీద నా అభిప్రాయం మారదు. కానీ నా కంఠంలో ప్రాణం ఉండగా, అతికించినవాడు ఊళ్ళోనే ఉన్నాడేమో కనుక్కోకుండా ఏ గొట్టం మీదా పదకొండు పేజీలు రాయను.

ఇక మీరు. మడిచిన వేలు తెరవండి. ఈ వారం ఎవరి నోరు మూయించారో వాళ్ళకి ఆ వేలితోనే ఫోన్ చేయండి. "నీకెలా తెలుసు?" అని అడగండి. కాఫీకి రమ్మంటే మాత్రం వెళ్ళండి.