తొమ్మిది పలకలు

మా పాలెంలో ప్రార్థన మందిరాన్ని ఆనుకుని ఒక చిన్న గది ఉండేది. అందరూ దాన్ని పెట్టె గది అనేవాళ్లు. అందులో ఉన్నది నిజంగానే ఒక చెక్క పెట్టె. బర్మాకు కూలికి పోయినవాళ్ల ఉత్తరాలు, బాప్తిస్మం కాగితాలు, బావి కోసం తాలూకా కచేరీకి పెట్టుకున్న అర్జీల నకళ్లు, వాటన్నిటి మీద ఒక లావుపాటి పుస్తకం. కరణం దగ్గర ఉండే పుస్తకాల్లో భూములున్నవాళ్ల పేర్లే ఉంటాయి. మా పాలెంలో సెంటు నేల ఉన్నవాడు లేడు కాబట్టి మా పుస్తకం మేమే పెట్టుకున్నాం.

ఎవరైనా చనిపోతే మూడో రోజు ఇంటివాళ్లు వచ్చి పేరు చెప్పాలి. ఆ మనిషి గురించి ఒక్క మాట చెప్పాలి. "బండెడు చొప్ప ఒక్కడే ఎత్తేవాడు." "ఎవరింట్లో పురుడైనా పిలవకుండానే పోయేది." అంతే. రెండో మాట చెబుతామంటే మా నాయన ఒప్పుకునేవాడు కాదు. ఆయన పాలెం బడికి పంతులు, పుస్తకం రాసేదీ ఆయనే. ఒక మనిషిని ఒక్క మాటలో చెప్పమంటే ఇంటివాళ్లు గడప దగ్గర ఎంతసేపు కూర్చుండిపోయేవాళ్లో నేను చిన్నప్పటినుంచీ చూశాను.

జర్మనీ యుద్ధం రోజుల్లో కాగితం కరువైంది. పుస్తకం చూస్తే నిండిపోయింది. దొనకొండలో అడిగాం, మార్కాపురంలో అడిగాం, ఏ దుకాణంలోనూ లేదన్నారు. సరిగ్గా ఆ ఎండాకాలమే కలరా వచ్చింది. దానికి మా కాగితం సంగతి పట్టలేదు. నాయన బడి పలకలు తీసుకున్నాడు. పలకలకు మా వైపు కొదవ లేదు, పాలెం మగవాళ్లు కొందరు పలకరాతి గనుల్లోనే రాయి కొట్టేవాళ్లు. బలపంతో రాసి, పలకకూ పలకకూ మధ్య పాతగుడ్డ వేసి పెట్టెలో పేర్చాడు. కాగితం దొరకగానే ఎక్కిద్దామని. తొమ్మిది పలకలు నిండాయి. తొమ్మిదో పలక మీద చివరి పేరు నాయనదే, అది నేను రాశాను. ఒక్క మాట ఏం రాయాలో తోచక ఆ చోటు వదిలేశాను.

మందిరం, బడి ఊడ్చే అవ్వ ఒకామె ఉండేది. కొడుకు, కోడలు, ఇద్దరు మనవళ్లు, ఇంకా పేరు పెట్టని మనవరాలు, అందరూ నాలుగు రోజుల్లో పోయారు. నాలుగో పలక మొత్తం ఆమె ఇల్లే. ఆమెకు చదువు రాదు. ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే పెట్టె గది ముందు కూర్చుని, "మావోళ్లను చదువు తల్లీ" అనేది. నేను ఆ పలక తీసి చదివేదాన్ని. కళ్లు మూసుకుని వినేది. అయ్యాక, "ఉండారులే" అని లేచిపోయేది.

ఒకసారి నాకు విసుగొచ్చింది. "ఇన్నిసార్లు విన్నావు, నీకు నోటికి వచ్చేసుంటుంది గదవ్వా?" అన్నాను.

"నా తల పనిచేయడంలే. అందుకే గదా మీ నాయనకు చెప్పి రాయించినా. నేను మరిసినా అది మరవదు" అంది.

వానలు మొదలయ్యాక మార్కాపురం పోయి వచ్చిన బండివాడు ఒక నోటు పుస్తకం తెచ్చిచ్చాడు. నా సంతోషం ఇంతా అంతా కాదు. నాయన తర్వాత బడి నాకే అప్పజెప్పారు. కలరాకు మూసిన బడి మర్నాడే తెరవాలి. ఆలోపే రాయడం మొదలు పెడదామని తొమ్మిది పలకలూ తీసి, వెలుతురు కోసం బడి వసారాలో, పిల్లల పలకల పక్కనే ఆనించాను. ఇంతలో అమ్మకు చలిజ్వరం ఎక్కువైందని కబురొస్తే పరుగెత్తాను. వాటిని లోపల పెట్టాలన్న బుద్ధి నాకు పుట్టలేదు.

పొద్దువాలే వేళకు తిరిగొచ్చాను. వసారా ఊడ్చి ఉంది. పలకలన్నీ ఎండలో వరుసగా ఆరుతున్నాయి.

"చూడు తల్లీ, ఎట్ల మెరుస్తాండాయో! రేపు పిల్లోళ్లు వస్తారు గదా అని బొగ్గేసి రుద్ది, దొండాకుతో తోమినా" అంది అవ్వ. కలరా తర్వాత ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

ఒక్కొక్క పలకా తిప్పి చూశాను. రెండు వైపులా ఏమీ లేదు. "బాగున్నాయవ్వా" అన్నాను.

మర్నాటి నుంచి నోటు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. నా అజాగ్రత్తతో పలకల మీద నీళ్లు పడ్డాయని చెప్పాను, అందులో అబద్ధమేమీ లేదు. తల్లులు మళ్లీ ఏడ్చారు. "ఒకసారి చెప్పినాం గదా, మళ్లా ఏంది?" అని ఒక పెద్దాయన కసిరాడు. కసరడా మరి! రెండు ఇళ్లలో మాత్రం చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. ఇరుగుపొరుగుకు పెద్దవాళ్ల పేర్లు తెలుసు. పిల్లలు వాళ్లకు చిన్నోడు, బుడ్డది, అంతే.

ఆదివారం అవ్వ వచ్చింది. చదవమనలేదు. నేను ఇంటింటికీ తిరిగిన సంగతి ఆమె చెవిన పడినట్టుంది.

"ఆ పొద్దు నేను కడిగినవి ఈ పేర్ల పలకలేనా?" అంది.

"తప్పు నాది అవ్వా. నేనే బయట పెట్టాను."

"అందరియ్యీ దొరికినాయా?"

"రెండిళ్లవి దొరకలేదు. నీవాళ్లవి నాకు నోటికి వచ్చు. ఇప్పుడే, నీ ముందే రాస్తాను."

ఆమె తన రెండు చేతులూ చూసుకుంది. "వద్దు. నా చేత్తో వాళ్ల పిల్లోళ్లను తుడిచేసి, మావోళ్లనొక్కరినే ఉంచుకుంటానా? రాయొద్దు" అంది.

బతిమాలాను. కోపం కూడా చేశాను, ఇదేం పంతమని. ఆమె ఊడ్వడానికి రోజూ వచ్చేది గాని, మళ్లీ ఏ ఆదివారమూ ఆ గది ముందు కూర్చోలేదు. ఆ పేర్లు, ఆ అయిదు మాటలు నాకు ఇప్పటికీ వచ్చు. పుస్తకంలో వాటి చోటు తెల్లగానే ఉంది.

ఆమె పోయిన మూడో రోజు పేరు చెప్పడానికి ఎవరూ రాలేదు. నేనే కూర్చుని రాశాను. ఒక్క మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చివరికి, "తనవాళ్లను రాయొద్దంది" అని రాశాను.