అల్‌హంబ్రా గోడకి ఇవతల

మా వియ్యంకుడు గారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున్న, టొరంటో పక్క మిస్సిసాగాలో మా అబ్బాయి ఇంట్లో రెండో కాఫీ కలుపుకుంటుంటే, రిచ్‌మండ్ హిల్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, మావయ్యగారు పోయారు. నిద్రలోనే" అంది. "ఎవరు చెప్పారు?" అన్నాను. ముప్పై ఏళ్ళు ఫిజిక్సు పాఠం చెప్పిన మనిషి అడగవలసిన ప్రశ్న కాదది. ఆ క్షణంలో నోటికి అదే వచ్చింది.

ఆయన మా అల్లుడి తండ్రి. జూనియర్ కాలేజీలో చరిత్ర లెక్చరరుగా రిటైరై, భార్య పోయాక కొడుకు దగ్గరికి వచ్చేశారు. నేను "అన్నయ్యగారూ" అనేదాన్ని, ఆయన "అమ్మా" అనేవారు. పదిహేనేళ్ళలో మా మధ్య ఒక్క పరుషమైన మాట లేదు. ఆ ఘనత పూర్తిగా ఆయనదే. నా నోటి సంగతి ఇక్కడి తెలుగువాళ్ళలో తెలియనివారు తక్కువ.

పెళ్ళికొడుకు తండ్రి అంటే ఎలా ఉండాలో మీకు తెలుసు. కుర్చీలో కూర్చోవాలి, కాఫీ చల్లారిందనాలి, ఒకసారైనా అలగాలి. మా అమ్మాయి పెళ్ళిలో ఈయన సాంబారు బకెట్ పట్టుకుని బంతిలో తిరిగారు. మా పెద్దమ్మ ఆయన్ని కేటరింగ్ మనిషి అనుకుని, "ఏమయ్యా, ముక్కలు తగిలేలా వెయ్యి" అంది. ముక్కలు తగిలేలా వేశారు. అంతటితో ఆగారా అంటే, పప్పు కూడా తెచ్చారు.

రాజుల మీద ఆయనకి పెద్ద గౌరవం ఉండేది కాదు. "రాజులకి పేర్లుంటాయమ్మా, మేస్త్రీలకి చేతులుంటాయి" అనేవారు. ఏ గుడికెళ్ళినా, చివరికి ఇక్కడి లైబ్రరీకెళ్ళినా, ముందు గోడ దగ్గరికి వెళ్ళి వేళ్ళతో తడిమేవారు. "కట్టినవాడి చెయ్యి కనిపించేదాకా చూడాలి" అనేవారు. ఒకప్పుడు స్పెయిన్‌ని ఏలిన ముస్లిములు, మూర్లు, అక్కడ కట్టిన నగరాలంటే ఆయనకి ప్రాణం. సిలబస్‌లో ఒక పేరాకి మించి లేని విషయానికి ఏటా రెండు రోజులు కేటాయించి, గ్రనడాలోని అల్‌హంబ్రా కోటని బోర్డు మీద సుద్దముక్కతో కట్టేవారట. పన్నెండు రాతి సింహాలు మోసే నీటితొట్టి, తేనెపట్టులా చెక్కిన పైకప్పు. "సార్, మీరు చూశారా?" అని పిల్లలు అడిగేవారు. "చూస్తాను" అనేవారు. ముప్పై మూడేళ్ళు అదే జవాబు.

రెండేళ్ళ కిందట కళ్ళ డాక్టరు గ్లాకోమా ముదిరిందని చెప్పింది. చూపు పక్కల నుంచి మూసుకుపోతోంది. ఆయన ఎవరినైనా చూడాలంటే గొట్టంలోంచి చూసినట్టు మెడంతా తిప్పి చూసేవారు. "చూడాలనుకున్నవి ఉంటే ఈ సంవత్సరమే చూసెయ్యండి" అందట డాక్టరు. అది విని ఆయన్ని బయల్దేరదీసింది నేనే. ఇక్కడి తెలుగువాళ్ళం ఇరవై రెండుమందిమి ఎనిమిది రోజుల టూరుకి కలిశాం. సెవిల్, కార్డోవా, చివరికి గ్రనడా.

ఆ మొదటి ఆరు రోజులు ఆయన్ని చూడవలసింది. సెవిల్‌లో పాత మసీదు గోపురానికి మెట్లుండవు, వాలు దారి ఉంటుంది. నమాజుకి పిలిచే బాంగు ఇవ్వడానికి ఆ మనిషి గుర్రమెక్కి పైకి వెళ్ళేవాడని గైడు చెప్పింది. "గుర్రం ఎక్కిన దారి, నేనెక్కలేనా" అని మా అందరికన్నా ముందు పైకి చేరారు. కార్డోవా పాత మసీదులో వందల స్తంభాల మధ్య ఎర్ర తెల్ల చారల తోరణాల కింద ఒక్కో స్తంభాన్నీ చేత్తో పలకరిస్తూ తిరిగారు. "అన్నయ్యగారూ, ఎన్నయ్యాయి?" అని వేళాకోళమాడాను. "లెక్కపెట్టడం లేదమ్మా, పరిచయం చేసుకుంటున్నాను" అన్నారు.

ఏడో రోజు గ్రనడా. ఇక్కణ్ణుంచి రాసేది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నేను బయటి తిండి తినను. ఆ దేశంలో చిక్కుడుగింజల కూరలో కూడా పందిమాంసం ముక్కలు తేలుతుంటాయి. అందుకని చిన్న రైస్ కుక్కర్ పెట్టెలో పెట్టుకుని వెళ్ళాను. గదిలో వండరాదని హోటల్ తలుపు మీద రాసి ఉంది. చదివాను. పాటించలేదు. ఆ రోజు మా ఇద్దరికీ పెరుగన్నం కడదామని పొద్దున్నే కుక్కర్ పెట్టాను. ఐదు నిమిషాలకి మా అంతస్తు అంతా కరెంటు పోయింది.

కోటలో ఆ సింహాలూ ఆ పైకప్పూ ఉన్న రాజమందిరానికి టైము ఇచ్చి టికెట్ ఇస్తారు. మాది తొమ్మిదిన్నర. అరగంట లోపల గుమ్మం దాటకపోతే ఆ టికెట్ చెల్లదు. ఆ సంగతి గైడు ముందురోజు మూడుసార్లు చెప్పింది.

ఆయన తలుపు తట్టారు. "అమ్మా, బస్సొచ్చింది."

"పది నిమిషాలు అన్నయ్యగారూ."

మేనేజరు వచ్చాడు. కుక్కర్ బీరువాలో దాచి, వాళ్ళ వైరింగే బాగాలేదని అతనికి పాఠం చెప్పాను. అతను వెళ్ళాడు, కరెంటు వచ్చింది. సగం ఉడికిన బియ్యం చూస్తే ఒళ్ళు మండింది. పారేసి వెళ్ళొచ్చు. మళ్ళీ ప్లగ్ పెట్టాను.

"అమ్మా, గైడు అడుగుతోంది."

"ఆగమనండి. ఇరవైమంది ఒక్కరికోసం ఆగలేరా?"

"అలాగేనమ్మా."

కిందికి వెళ్ళేసరికి బస్సు లేదు. లాబీలో ఆయన ఒక్కరే నిలబడి ఉన్నారు, చేతిలో మా ఇద్దరి టికెట్లు. గైడు రమ్మని బతిమాలిందట. "ఆడపిల్ల తల్లిని వదిలేసి నేను ముందెళ్ళడం బాగుండదు" అని తెలుగులోనే చెప్పి, వాళ్ళని పంపించేశారట. ముప్పై మూడేళ్ళ కోరిక ఒకవైపు, వియ్యపురాలి మర్యాద ఒకవైపు. ఆయన తూచి చూసి ఉంటారని కూడా అనుకోను.

టాక్సీ దిగి గుమ్మం దగ్గరికి చేరేసరికి పది దాటి పన్నెండు నిమిషాలు. అక్కడి అమ్మాయి గడియారం చూపించి తల అడ్డంగా ఊపింది. ఆ రోజుకే కాదు, ఆ నెలకే టికెట్లు లేవు. మర్నాడు పొద్దున్నే మా విమానం. నేను గొంతు పెంచాను. ఆయన కళ్ళ సంగతి చెప్పాను, వయసు చెప్పాను, నేను కాలేజీ ప్రిన్సిపాలుగా చేశానని కూడా చెప్పాను. ఆమె ముఖం నిజంగానే చిన్నబోయింది, గుమ్మం మాత్రం విడవలేదు.

"వదిలెయ్యండమ్మా. ఆ పిల్ల తన పని తను చేస్తోంది" అన్నారాయన.

గోడ పక్కన రాతి అరుగు మీద కూర్చున్నాం. తోటలు చూడొచ్చు, బురుజులు చూడొచ్చు, వెళ్దామా అన్నాను. "కాసేపు ఇక్కడే కూర్చుందాం" అన్నారు. తర్వాత నా ముఖం చూసి, "ఆకలేస్తోందమ్మా, ఏం తెచ్చారు?" అన్నారు. డబ్బా ఇచ్చాను. మెతుకు మిగల్చకుండా తిని, "బాగుంది" అన్నారు. తర్వాత నా డబ్బా తెరిచి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. బియ్యం పలుకులు పలుకులుగా ఉన్నాయి. నమలడానికే లేదు.

గంట తర్వాత మావాళ్ళు బయటికొచ్చారు. మార్కమ్ నుంచి వచ్చినావిడ ఆయన్ని ఓదార్చబోయింది. "మీరేం మిస్సవలేదు అంకుల్. అన్నీ ఖాళీ గదులే, ఒక్క సోఫా కూడా లేదు."

"పైకప్పు చూశారా అమ్మా?"

"పైకప్పా? లేదంకుల్, సెల్ఫీలు తీసుకునేసరికే టైమైపోయింది."

ఆయన నవ్వారు. నేను ఆమెని ఏమీ అనలేదు. నా జీవితంలో నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ. అనే అర్హత నాకు లేదని మొదటిసారి తెలిసింది.

టొరంటోలో దిగాక అల్లుడు, "నాన్నా, చూశారా కోట?" అని అడిగాడు. నేను తల వంచుకున్నాను. "చాలా బాగుందిరా" అన్నారాయన. అంతే. మావాళ్ళనీ ఈ సంగతి ఎత్తొద్దని ముందే అడిగారట. ఆ మాట మీద ఆఖరిదాకా నిలబడ్డారు. వచ్చే ఏడు మళ్ళీ వెళ్దామని కారులో గుసగుసగా అన్నాను. "అలాగేనమ్మా" అన్నారు. వచ్చే ఏటికి ఆయనకి కిటికీ ఎక్కడుందో ఎండ తగిలితేనే తెలిసేది. నా మనవరాలు పక్కన చేరి, "తాతయ్యా, వాట్ వాజ్ ఇట్ లైక్?" అని అడిగితే, నీళ్ళు ఏ కాలవలోంచి వచ్చి ఏ సింహం నోట్లోంచి పడతాయో గాలిలో వేలితో గీసి చూపించేవారు. అదే పాత పాఠం. నేను పక్కనే కూర్చుని వినేదాన్ని. ఒక్కసారైనా "క్షమించండి అన్నయ్యగారూ" అనలేదు. మాట రాక కాదు. ఆ మాట అంటే, ఆయన నా కోసం ఆడిన అబద్ధం పాడైపోతుందని సర్దిచెప్పుకున్నాను. పిరికితనానికి నేను పెట్టుకున్న మంచి పేరు అది.

అంత్యక్రియల రోజు అల్లుడు లేచి మాట్లాడాడు. "నాన్నకి ఒకే ఒక్క కోరిక ఉండేది. కళ్ళు పోకముందే అది తీరింది. అత్తయ్యగారే పట్టుబట్టి తీసుకెళ్ళి చూపించారు" అని నాకు దణ్ణం పెట్టాడు. హాల్లో అందరూ నా వైపు తిరిగారు. నేనూ చేతులు జోడించాను. బయటికొస్తుంటే నలుగురైదుగురు నా చెయ్యి పట్టుకుని, "పుణ్యం కట్టుకున్నారు ఆంటీ" అన్నారు.

చెప్పవలసినాయన ఉన్నప్పుడు చెప్పలేదు. ఇప్పుడు మీ అందరికీ చెప్తున్నాను. దీనివల్ల ఆయనకి ఒరిగేది ఏమీ లేదు. నా బరువు తగ్గుతుందనీ అనుకోను. అమ్మాయీ అల్లుడూ ఇది చదువుతారు. చదివాక నాతో ఎలా మాట్లాడతారో తెలియదు. ఆయన మాత్రం వాళ్ళని కూడా, "వదిలెయ్యండిరా" అనే ఉండేవారు. అదే భరించలేకుండా ఉన్నాను.

వాళ్ళ ముందుగదిలో, దండ వేసిన ఫోటో పక్కన ఉన్న ఇంకో ఫోటో గ్రనడాలోదే. మార్కమ్ ఆవిడ ఫోన్‌తో తీసి పంపింది. కోట లోపల తీసిందని అల్లుడి నమ్మకం. మా వెనక కనిపించేది ఉత్త గోడ, చెక్కడం ఒక్కటీ లేదు. నేను కెమెరా వైపు చూస్తున్నాను. ఆయన చూడటం లేదు. మెడంతా పక్కకి తిప్పి, మనుషులు ఒక్కొక్కరే బయటికొస్తున్న ఆ గుమ్మం వైపు చూస్తున్నారు.