ఐస్ క్రషర్ ముందు నాగమణి చెయ్యి

రిటైరవడానికి ముందు ఏడాది బందరు శివార్లలోని ఒక రొయ్యల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ మేనేజరుగా ఉన్నాను. ఐస్ దిమ్మలను పొడిచేసే క్రషర్‌కు కొత్త రక్షణ ఏర్పాటు చేసే పని ఆ వేసవిలో నాకు అప్పగించారు. అందుకు కారణం నాగమణి. ఇరుక్కున్న ఐసుముక్కను తీయబోయి ఆమె కుడిచేతి మూడు వేళ్లు పోగొట్టుకుంది.

మేము తెప్పించింది అరచేతిలో పట్టే కంప్యూటరు. ఉప్పుగాలి, తేమ సోకకుండా ఫ్యాను లేని ఇనప పెట్టెలో బిగించి ఉంటుంది. క్రషర్ నోటిపైన అమర్చిన కెమెరాలో మనిషి చెయ్యి కనిపిస్తే మోటారుకు కరెంటు ఆపేస్తుంది. ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరును అడిగి జవాబు తెచ్చుకునేలోగా ప్రమాదం జరిగిపోతుంది కాబట్టి, నిర్ణయం ఆ పెట్టెలోనే జరగాలి.

మోటారు ఆపి ఉంచి పరీక్ష పెట్టాం. చేతిని గుర్తిస్తే ఎర్రదీపం వెలుగుతుంది. పనివాళ్లు ఒక్కొక్కరే చెయ్యి చాపారు, ప్రతిసారీ వెలిగింది. గాయం మానాక మళ్లీ పనిలో చేరిన నాగమణి, తానూ చూస్తానంటూ ముందుకొచ్చి కుడిచెయ్యి చాపింది. దీపం వెలగలేదు. గ్లవ్ తీసి మళ్లీ చాపింది. అప్పుడూ వెలగలేదు. చేతిని గుర్తించడం దానికి నేర్పడానికి వాడిన బొమ్మలన్నీ అయిదు వేళ్ల చేతులవే.

ప్రొడక్షన్ మేనేజరు నన్ను పక్కకు పిలిచారు.

"ఆవిణ్ణి వేరే పనిలో పెడదాం సార్. ముదినేపల్లి చెరువుల నుంచి రొయ్యల లోడ్లు వచ్చేస్తున్నాయి. పరీక్ష నెగ్గిందని మీరు సంతకం పెట్టేయండి."

ఆ మాట నాగమణికి వినబడింది.

"వేళ్లు పోయింది ఇక్కడేనండీ. ఇప్పుడిది చెయ్యే కాదంటుందా?" అంది.

నేను సంతకం పెట్టలేదు. క్రషర్‌ను ఆపే ఉంచి, బయటినుంచి ఐసు తెప్పించమన్నాను. పై అధికారులు వివరణ అడిగితే జరిగింది జరిగినట్టు రాసిచ్చాను.

నాగమణి చేతిని తడిగా, పొడిగా, గ్లవ్‌తో, గ్లవ్ లేకుండా, ఐసు పొగలో పెట్టించి బొమ్మలు తీశాం. ఆమె విసుక్కోలేదు. కట్టు కట్టిన వేళ్లు, వంకరపోయిన వేళ్లు, గోరింటాకు పెట్టుకున్న చేతులు, ఫ్యాక్టరీలో ఉన్నవన్నీ తీశాం. వాటితో ప్రోగ్రాముకు మళ్లీ నేర్పించి పెట్టెలోకి ఎక్కించాం.

ఈసారి ఆమె చెయ్యి చాపగానే దీపం వెలిగింది. వెనక్కి తీసుకుని మళ్లీ చాపింది. మళ్లీ వెలిగింది. అప్పుడే నేను సంతకం పెట్టాను. అయినా ఆమె క్రషర్ దగ్గర పనికి ఒప్పుకోలేదు.

"దీపం వెలిగిందండీ. నాకే భయం పోలేదు" అంది.

రొయ్యలను సైజుల వారీగా ఏరే బల్ల దగ్గరికి మార్పించాను.

యంత్రం మిగతా అందరి చేతులనూ గుర్తించినా, గుర్తించని ఒక్క చేతికి అది రక్షణ కాదు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ రక్షణ పరికరాన్ని పరీక్షించినా, ఆ యంత్రం వల్ల గాయపడ్డవాళ్లనే ముందు పిలిచాను.