నోబాల్ లేని ఆట కోసం ఖోర్ ఫక్కాన్ దాకా

సోమవారం ఉదయం షార్జా పక్క డేరాలో ఉన్న మా స్పేర్ పార్టుల ఆఫీసులో టీ కప్పు పట్టుకుని నిలబడితే చాలు, బేస్‌బాల్ గొడవ చెవిన పడుతుంది. కౌంటర్లో పనిచేసే మారిసెల్ ఫిలిప్పీన్స్ అమ్మాయి. స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడిందట, ఇప్పుడు డేరా వాళ్ళ 'అబ్రాస్' టీముకి (అబ్రా అంటే ఇక్కడి రేవు దాటించే పడవ) వీరాభిమాని. డెలివరీ వ్యాను నడిపే ఖాదర్ భాయ్‌ది మన నెల్లూరు. ఆయన పక్షం ఖోర్ ఫక్కాన్ పోర్టు పనివాళ్ళ టీము 'హామూర్స్'. హామూర్ అంటే ఇక్కడ అందరూ లొట్టలేసుకుంటూ తినే చేప. ఈ సీజన్లో ఆ టీముని కూడా అందరూ అలాగే తినేశారు. నేను గోదావరి మనిషిని, క్రికెట్ ఒక్కటే ఆట, మిగతావన్నీ కాలక్షేపం అనుకునే రకం. బేస్‌బాల్ అంటే బిళ్ళంగోడుకి యూనిఫాం తొడిగారనే నా అభిప్రాయం. ఆ మాటే ఒకరోజు పైకి అన్నాను. మారిసెల్ టీ కప్పు బల్ల మీద టక్కున పెట్టి, "ఆదివారం ఆఖరి మ్యాచ్. వచ్చి చూసి అప్పుడు మాట్లాడు" అంది.

ఆ మ్యాచ్ ఈ ఇద్దరి టీముల మధ్యే. అబ్రాస్ ఎప్పుడో పైకెళ్ళి కూర్చున్నారు, వాళ్ళకి పోయేదేమీ లేదు. హామూర్స్ ఓడితే మాత్రం అట్టడుగున మిగులుతారు. అట్టడుగు టీముకి వచ్చే సీజన్లో చోటుండదని లీగ్ రూలు. అంటే ఖలాస్, టీము మూసేసినట్టే.

పది గంటలకి డేరా నుంచి ఖాదర్ భాయ్ పాత కారులో ముగ్గురం బయల్దేరాం. పెట్రోలు తలా నలభై దిర్హాములు. కారు లేనివాళ్ళు షార్జా జుబైల్ బస్టాండులో ఖోర్ ఫక్కాన్ బస్సు ఎక్కవచ్చు, కాకపోతే తిరుగు బస్సు వేళలు ముందే కనుక్కోవాలి. షార్జా దాటేదాకా చెప్పుకోదగ్గ దృశ్యమేమీ లేదు. ఆ తరువాత ఇసుక ఎర్రబడింది, ఇసుక రాయయింది, రాయి కొండలైంది. ఒక్క గడ్డిపరక లేని గోధుమరంగు కొండలు, ఒకదాని వెనక ఒకటి. వాటి కడుపులోంచి సొరంగాలు తవ్వి రోడ్డు వేశారు. ఒక సొరంగంలో దూరి, బయటపడి, ఊపిరి తీసుకునేలోపు ఇంకోటి. మా పాపికొండలు పచ్చగా ఉంటాయి కనక ముద్దొస్తాయి. వీటిని చూస్తే మాత్రం భయమూ భక్తీ రెండూ కలిగాయి. నోరెళ్ళబెట్టి కూర్చున్నాను.

వెనకసీట్లో మారిసెల్‌కి కొండలు పట్టలేదు. ఆమె మాట్లాడేది సగం హిందీ, సగం ఇంగ్లీషు. నేను తెలుగులో రాస్తున్నాను.

"భాయ్, మీ హామూర్స్ పిచ్చర్ మంచివాడే. బ్యాటింగే సున్నా. ఒక్కడు విసిరితే టీము గెలుస్తుందా?"

పిచ్చర్ అంటే మన బౌలర్ లాంటివాడు. ఖాదర్ భాయ్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "పోయిన నెల వానలో మ్యాచ్ ఆగకపోతే గెల్చుండేవాళ్ళే. అయినా నాకెందుకులే. నేను చేపలు కొనేదానికి పోతుండా."

"చేపలకి డేరా మార్కెట్టు చాలదా భాయ్?" అన్నాను.

ఆయన గేరు మార్చి ముందున్న లారీని దాటేశాడు. రఫీసా డ్యామ్ దగ్గర ఆగి, రాళ్ళ మధ్య ఆకుపచ్చటి నీళ్ళ ముందు చిక్కటి పాల కరక్ టీ తాగుతున్నప్పుడు తనంతట తనే మొదలుపెట్టాడు.

"ఆ పిచ్చరు మా తమ్ముడేనమ్మా. మస్తాన్."

మారిసెల్ గుక్క మింగడం మరిచిపోయింది. సీజనంతా వాదించింది కదా, ఈ సంగతి ఆమెకీ తెలియదు.

"ముసఫ్ఫా లేబర్ క్యాంపులో ఉండేటప్పుడు శుక్రవారం శుక్రవారం క్రికెట్ ఆడేవాళ్ళం. వాడి బాల్ చూస్తే బ్యాట్స్‌మన్‌కి కాళ్ళు వణికేవి. అయితే బట్టా వేస్తాడని ఎదుటి టీమువాళ్ళు గోల." చెయ్యి మోచేతి దగ్గర వంచి బంతిని విసిరెయ్యడాన్ని మనవాళ్ళు బట్టా అంటారు కదా, అదీ సంగతి. "ఫైనల్ రోజు అంపైర్ని నేనే. ఏం చేసేది? వరసగా నోబాల్ ఇచ్చినా. జనమంతా బట్టా బట్టా అని ఎగతాళి. ఆడ్నే బాల్ కింద పెట్టేసి ఎల్లిపొయినాడు. చెయ్యి నిలువుగా పెట్టి వేసేదానికి నెలరోజులు తంటాలు పడినాడు, బాల్‌లో జోరు రాలా. తర్వాత పోర్టు ఉద్యోగం చూసుకుని ఇటొచ్చేసినాడు. ఈ ఆటలో చెయ్యి వంచొచ్చంట, దీన్ని పట్టినాడని ఇంకొకరు చెప్తే తెలిసింది. అమ్మ గురించి, ఇంటి గురించి ఫోన్లో మాట్లాడతాడు. ఆట మాటెత్తితే లైను కట్."

"అతని మ్యాచ్ ఎప్పుడైనా చూశారా?" అంది మారిసెల్.

"ఎట్టా చూస్తానమ్మా? ఏ ముఖం పెట్టుకోని?"

అన్యాయం చెయ్యలేదాయన. రూలు ప్రకారమే ఇచ్చాడు. అయినా నాకు ఆయన మీద జాలేసింది, ఆ తమ్ముడి మీద అంతకన్నా ఎక్కువ జాలేసింది.

ఆఖరి సొరంగం దాటి కిందికి దిగితే ఖోర్ ఫక్కాన్. కొండలు నేరుగా సముద్రం దాకా వచ్చి ఆగిపోతాయి. చంద్రవంక తీరం, ఒక పక్క ఓడరేవు క్రేన్లు. తీరం వెనక చిన్న కేరళ హోటల్లో పన్నెండు దిర్హాములకి చేపల కూర, అన్నం. పులుపు తక్కువని వంటాయనతో అంటే, "మీ ఆంధ్రావాళ్ళకి చింతపండు చెట్టే ఇచ్చినా చాలదు" అని నవ్వి ఇంకో గరిటె వడ్డించాడు.

మూడింటికి ఆట. కొండ పాదంలో చదును చేసిన మైదానం, టికెట్ లేదు. ఖాదర్ భాయ్ కారు దిగనన్నాడు. మారిసెల్, నేనూ నెట్టు వెనక బెంచీ మీద కూర్చున్నాం. మస్తాన్ సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఒక కాలు పైకెత్తి, ఒళ్ళంతా విల్లులా వంచి, మోచెయ్యి మడిచి విసిరాడు. బంతి నాకు కనపడలేదు! చప్పుడు మాత్రం వినపడింది, బ్యాటర్ వెనక కూర్చున్నవాడి తోలు గ్లవ్‌లో ఫట్టుమని. ఆ చప్పుడు కొండకి తగిలి తిరిగొచ్చింది. ఓరి నాయనో అన్నాను, పైకే. నేల మీద పడకుండా, మొహం మీదికే వచ్చే అలాంటి బంతిని గుండ్రటి కర్రతో కొట్టాలట. బిళ్ళంగోడు అన్న నోటిని అక్కడే మూసుకున్నాను.

ఆఖరి ఇన్నింగ్స్ వచ్చేసరికి హామూర్స్ నాలుగు, అబ్రాస్ మూడు. ఇద్దరు అవుట్, మూడోవాడినీ అవుట్ చేస్తే ఆట ముగిసి హామూర్స్ బతుకుతారు. అప్పుడొచ్చాడు ఖాదర్ భాయ్, ఇక కారులో కూర్చోలేక. నెట్టు పట్టుకుని నిలబడ్డాడు. మస్తాన్ తలెత్తి చూశాడు. ఇద్దరి కళ్ళూ కలిశాయి.

తరువాతి బంతి ఎటో పోయింది. దాని తరువాతిదీ అంతే. నాలుగు బంతులు గతి తప్పితే బ్యాటర్ ఉత్తినే మొదటి బేస్‌కి నడిచిపోవచ్చు. అలా ఒకడు నడిచాడు, ఇంకొకడు, మూడోవాడు. మూడు బేస్‌లూ నిండాయి. ఇంకొక్కడు నడిస్తే ముందువాడు జరిగి ఒక రన్ వస్తుంది, స్కోరు సమం.

"చెయ్యేమిటి అలా కర్రలా పెట్టాడు?" అంది మారిసెల్. నాకు వెంటనే అర్థమైంది. అది అచ్చం క్రికెట్ బౌలింగ్. మోచెయ్యి వంగడం లేదు.

ఖాదర్ భాయ్ నెట్టు వదిలేశాడు. "నన్ను చూసినాడమ్మా. నేను నోబాల్ అంటానని..." అని కారు వైపు తిరిగాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఇప్పుడు పారిపోతే ఎలా భాయ్? మూగగా వచ్చి నిలబడితే ఆ పిల్లాడు ఏమనుకుంటాడు? నోరు తెరిచి ఏదో ఒకటి అనండి!"

"వెళ్ళనివ్వు, మా టీము గెలుస్తుంది" అంది మారిసెల్, కానీ ఆయన చొక్కా పట్టుకుని ఆపింది ఆమే.

ఖాదర్ భాయ్ వెనక్కి వచ్చాడు. నెట్టుని రెండు చేతులతో పట్టుకుని, గొంతు చిరిగిపోయేలా అరిచాడు.

"ఒరే మస్తానూ! బట్టా వెయ్ రా! చెయ్యి వంచి కొట్టరా! బట్టా! బట్టా!"

మైదానంలో ఆ మాట వెనక సంగతి తెలిసినవాళ్ళు మేము నలుగురమే. మస్తాన్ టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపే తుడుచుకున్నాడు. తరువాత కాలు ఎత్తాడు, ఒళ్ళు వంచాడు, మోచెయ్యి మడిచాడు. ఫట్! కర్ర గాలిని కొట్టింది. ఇంకోటి, ఫట్! మూడోదీ తగలకపోతే బ్యాటర్ అవుట్, ఆట ఖలాస్. మస్తాన్ విసిరాడు. బ్యాటర్ తిప్పేసరికి బంతి గ్లవ్‌లో ఉంది. హామూర్స్ అందరూ మస్తాన్ మీద పడ్డారు. అబ్రాస్ అభిమాని మారిసెల్ నన్ను పట్టుకుని గెంతింది. సిగ్గెందుకు, నేనూ ఏడ్చాను.

మస్తాన్ నెట్టు దగ్గరికి వచ్చాడు. "ఏంది అంపైరూ, ఈసారి నోబాల్ ఇయ్యలేదే?"

"ఈడ అంపైర్ని కాదురా, నీ అన్నని" అన్నాడు ఖాదర్ భాయ్, నెట్టు సందుల్లోంచి తమ్ముడి వేళ్ళు పట్టుకుని.

కొండలు తవ్వి సముద్రానికి దారి వేసిన పనికి ఉదయం ఆశ్చర్యపోయాను. సాయంత్రం చూసింది దానికి ఏమాత్రం తీసిపోదు. ఒక ఆటలో తప్పైన చెయ్యి ఇంకో ఆటలో వరమైంది. అయినా వాడు ఇన్నాళ్ళూ ఎదురు చూసింది ఆ చేతి కోసం కాదు, అన్న నోటి మాట కోసం. మీరు వెళితే ఒక సలహా. నెట్టు వెనక బెంచీలకి నీడ లేదు, మూడున్నర దాకా ఎండ కళ్ళల్లోనే, టోపీ, నీళ్ళ సీసా తప్పనిసరి. ఆడేది మీవాడైతే మాత్రం, దూరంగా కారులో కూర్చోకండి, మొదటి ఇన్నింగ్స్ నుంచే నెట్టు దగ్గర నిలబడి పేరు పెట్టి అరవండి.