రూతమ్మగారి స్టీలు డబ్బా

రాయగడలో నర్సుగా చేరిన కొత్తలో మా తెలుగు చర్చి స్త్రీల సమాజానికి నన్ను సెక్రటరీని చేశారు. బైబిలు స్త్రీ రూతమ్మగారు ఇంటింటికీ వెళ్లి ప్రార్థన చేసేవారు, క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు బల్ల గిన్నెలు కడిగేవారు. ఆ రొట్టె పంచడం మాత్రం పాస్టరు అయ్యగారి పని. ఆడవాళ్లు పంచకూడదు.

బల్ల ఉన్న ప్రతి ఆదివారం ఆమె ఒక స్టీలు డబ్బా చెంగు కింద దాచుకుని వెళ్లిపోయేవారు. అడిగితే, "ఏటీ నేదమ్మీ," అని చెంగు సర్దుకునేవారు.

"ఏటి పట్టుకెల్తందో నువ్వే సూడాల," అంది సమాజం పెద్దామె. నాకూ అనుమానమే. ఒక ఆదివారం ఆమె వెనకే మునిగుడ రైలెక్కాను. ముఖానికి స్కార్ఫు కట్టుకుని దొంగలా కూర్చున్నాను.

స్టేషను వెనక ఓ రేకుల ఇంట్లోకి వెళ్లారామె. నేను తలుపు తోసి, "ఆ డబ్బాలో ఏముందో చూపించండి!" అని అరిచాను.

మంచం మీద పక్షవాతంతో ఉన్న ముసలావిడ నోరు తెరిచి ఎదురుచూస్తోంది. రూతమ్మగారి చేతిలో చిన్న రొట్టె ముక్క.

"అయ్యగారిని మూడుసార్లు పిలిసేను, రానేదు. ఈవిడికి ఇంకా ఆగే ఓపికుందా అమ్మీ?"

ముసలావిడకి పెట్టి, ఇంకో ముక్క నావైపు చాచారు. చెప్పులు విప్పి మోకరించాను.

మర్నాడు పెద్దామె అడిగింది. "డబ్బాలో ఏటున్నాదే?"

"అట్లు," అన్నాను.

రోజూ ప్రార్థనలో నా తప్పులన్నీ ఒప్పుకుంటాను. ఆ ఒక్క అబద్ధాన్ని మాత్రం ఇంతవరకూ ఒప్పుకోలేదు.