కుడివైపు బ్రేకు

పొద్దున కాఫీ కంటే ముందు కామరాజు చేతిలోకి నూనె డబ్బా వస్తుంది. గేటు బందులకు రెండు చుక్కలు, కిటికీ గడియకు ఒకటి, భార్య నాగేశ్వరి కుట్టుమిషనుకు నాలుగు.

"రేపటి నుంచి నా మోకాళ్లకు కూడా వెయ్యండి," అంటుంది ఆవిడ.

ఏలూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి, ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ ప్లాంటులో ఫిట్టరుగా పనిచేసి, రిటైరయ్యాక చిట్కుల్‌లో స్థిరపడ్డ మనిషి ఆయన. ఎక్కడైనా కిర్రుమంటే అన్నం సహించదు.

ఆ ఇంటికి పాలు పోసే పుష్పమ్మది దగ్గరి ఊరు లక్డారం. ఆమెకు నలభై ఏళ్ల నాటి ట్రాక్టరుంది. భర్తకు చూపు మందగించినప్పటి నుంచి తనే నడుపుతోంది. కొన్నాళ్లుగా పెడలు ఎంత తొక్కినా పది అడుగులు దాటాక గానీ బండి ఆగడం లేదు.

"మా కొడుకు సునీల్‌కుమార్ ఐతారం తుక్కుకిస్తనంటుండు సారూ. పదకొండింటికి బండి తెచ్చుకొమ్మని తుక్కాయనకు చెప్పిండు గూడ. గది పోతే నా చేనెవరు దున్నుతరు? మీరొక్కసారి సూడుండ్రి," అందామె శుక్రవారం.

"నేను ట్రాక్టరు ఎప్పుడూ విప్పలేదు పుష్పమ్మా," అన్నాడు కామరాజు. శనివారం తెల్లారేసరికి మాత్రం పానాల సంచితో ఆమె వాకిట్లో ఉన్నాడు.

బ్రేకు పెట్టె తెరిస్తే లోపల డిస్కులు నూనెలో నానుతున్నాయి. గేరు పెట్టె వైపున్న రబ్బరు సీలు చిరిగి ఆయిల్ ఇటు కారుతోంది.

"ఇంతకు ముందు ఎవరు విప్పారు?"

"నేనే. డిస్కులు తీసి, డీజిల్ పోసి, గిన్నెలు తోమినట్టు తోమి పెట్టిన."

"సీలు మార్చలేదా?"

"గదొకటుంటదా సారూ?"

పటాన్‌చెరు వెళ్లి సీళ్లు, కొత్త డిస్కులు తెచ్చాడు. మధ్యాహ్నానికి ఎడమవైపు, సాయంత్రానికి కుడివైపు బిగించాడు. పుష్పమ్మ వాకిట్లో బండి కదిలించి బ్రేకు తొక్కింది. ఎడమ చక్రం ఠక్కున ఆగింది. కుడిది ఆగలేదు. ట్రాక్టరు గిర్రున ఎడమకు తిరిగి పక్కింటి బక్కమ్మ చిక్కుడు పందిట్లో మూతి పెట్టింది.

"ఓ పుష్పమ్మా, బ్రేకు లేదంటివి, స్టీరింగు గూడ లేదా?" అని అరిచింది బక్కమ్మ.

"మీ కంపెనీల గిట్లనే ఆపుతరా సారూ?" అని పుష్పమ్మ నవ్వింది. కానీ ఆమె చేతులు స్టీరింగును వదల్లేదు.

జిన్నారంలోని మందుల కంపెనీలో డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన సునీల్‌కుమార్, "పరేషాన్ గాకుండ్రి అంకుల్. రేపెట్లైనా పోయే బండే," అన్నాడు.

కామరాజు కుడివైపు మళ్లీ విప్పాడు. కొత్త సీలు పొడిగానే ఉంది. డిస్కుల మీద మాత్రం పచ్చగా గ్రీజు. ఇందాక బిగించేటప్పుడు లోపలి ఇనుప గోలీలను చూడగానే, ప్లాంటు అలవాటు కొద్దీ, వేలెడు గ్రీజు పెట్టేశాడు. బండి కదిలేసరికి అది కాస్తా డిస్కుల మీదికి పాకింది. ఎడమవైపు బతికిపోయింది, ఎందుకంటే పొద్దున గ్రీజు డబ్బా ఇంట్లో మరిచిపోయాడు. మధ్యాహ్నం నాగేశ్వరి అన్నం క్యారేజీతో పాటు దాన్ని గుర్తుపెట్టుకుని మరీ పంపింది.

కొత్త డిస్కులే నాసిరకమని చెబితే ఎవరూ కాదనరు.

"సరుకుది కాదు పుష్పమ్మా, తప్పు నాదే. పొడిగా ఉండాల్సిన చోట గ్రీజు పూశాను. రేపు పదకొండు దాకా ఆగు."

ఆదివారం దుకాణం తెరవకముందే వెళ్లి షట్టరు ముందు నిలబడ్డాడు. మరో జత డిస్కులు తెచ్చి, గోలీలను గుడ్డతో పొడిగా తుడిచి, ఒకటికి రెండుసార్లు చూసుకుని బిగించాడు. ఆఖరి బోల్టు దగ్గర ఉండగానే తుక్కు బండి వచ్చి వాకిట్లో ఆగింది.

ట్రాక్టరును క్వారీ దారి దిగుడు దగ్గరికి తీసుకెళ్లారు. కామరాజు మడ్‌గార్డు మీదికెక్కి కూర్చున్నాడు.

"పోతే ఇద్దరం పోదాం."

"నేనెందుకు పోత? సాయంత్రం బర్లు పిండేది ఎవరు?" అంటూ పుష్పమ్మ బండి వదిలింది.

దిగుడు సగంలో తొక్కింది. రెండు చక్రాలూ ఒక్కసారే పట్టాయి. బండి తొణకలేదు. వదిలి మళ్లీ తొక్కింది. మూడోసారి అవసరం లేకపోయినా, ముచ్చటపడి తొక్కింది.

వెనకాలే వచ్చిన సునీల్‌కుమార్ బుర్ర గోక్కున్నాడు. "మరి తుక్కాయనకు ఏం జెప్పాలె?"

"పాత డిస్కులున్నయ్ గద. గవి ఇయ్యి," అంది పుష్పమ్మ.

ఆ సంగతి చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. ఇప్పుడు కామరాజుకు అరవై నాలుగేళ్లు. లక్డారంలో పుష్పమ్మ పశువుల కొట్టం పక్కన రేకుల షెడ్డు వేసుకుని, వారానికి నాలుగు రోజులు పాత ట్రాక్టర్ల బ్రేకులు బాగుచేస్తున్నాడు.