మేస్త్రీ విన్న ఏడుపు

కదిలితే మనిషిలా ఏడ్చే పాత కారు అమ్మకానికొస్తే మీరు ముందు ఎవరిని పిలుస్తారు, మంత్రగాణ్ణా, మోటారు మేస్త్రీనా?

గిద్దలూరులో మా చిన్నాయన ఇద్దరినీ పిలిచాడు. ఆ కారును నల్లమల ఘాటు రోడ్డులో బాడుగకు తిప్పాలని ఆయన ఆశ. మంత్రగాడు నిమ్మకాయలు కోసి, ఏడ్చే చక్రం నడిమికి చెంబెడు ఆముదం పోశాడు. నడిపి చూస్తే ఏడుపు లేదు. "దయ్యం పోయినాది!" అని జనం కేకలేశారు.

ముసలి మేస్త్రీ ఆ చక్రాన్ని జాకీతో లేపి తిప్పాడు. వేపకర్ర ఒక కొన ఇరుసుకూ, మరో కొన తన చెవికీ ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఏ బండి దగ్గరైనా అనే మాటే అన్నాడు: "ఉండండి, చెప్తాంది."

తర్వాత కర్ర నా చెవికి పెట్టాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో నాకు చలి పుట్టింది. లోపల ఎవరో ఇంకా సన్నగా ఏడుస్తున్నారు.

"దయ్యం కాదు నాయనా, బేరింగు అరిగిపోయినాది. నూనె పోసి దాని నోరు మూసినారు. ఘాటులో చక్రం ఊడుతాది."

"నీకు చెవుడు మామా!" అని నవ్వి, చిన్నాయన కారు కొన్నాడు.

మర్నాడు ఆయన కారుతో ఘాటెక్కాడు. కింద నిలబడ్డ నా దగ్గరికీ, మేస్త్రీ దగ్గరికీ చక్రం ఒక్కటే దొర్లుకుంటూ వచ్చింది. చిన్నాయన రాలేదు. మేస్త్రీ ఆ చక్రానికి కర్ర ఆనించి చాలాసేపు విన్నాడు. తర్వాత కర్ర పట్టుకుని ఘాటు పైకి నడిచాడు.

పాత కారు కొనేవాళ్లారా, నిమ్మకాయలు అవతల పారేయండి. ప్రతి చక్రమూ లేపించి, తిప్పించి, చెవి పెట్టి వినండి.